దేవుడికిచ్చిన గది

"నోటితో ఇచ్చింది మీరు. చేత్తో ఇవ్వాల్సింది నేనా?"

టైలరమ్మ కూర గిన్నెను బల్ల మీద పెట్టిన విసురుకి అత్తగారి గ్లాసులో నీళ్లు తొణికాయి. ఆమె మొగుడు మేస్త్రి తలెత్తలేదు. కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిందే మళ్లీ కలుపుతున్నాడు.

"ప్రార్థన చేసి ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదమ్మా. తిన్నాక దెబ్బలాడుకోండి" అంది అత్తగారు.

"మీరు తినండి అత్తయ్యా. నాకు పొద్దున మందిరంలోనే కడుపు నిండిపోయింది."

పొద్దున ఆరాధన చివర్లో పాస్టరుగారు ఇస్త్రీ ఆవిడ సంగతి చెప్పారు. వానకి వాళ్ల ఇంటి వెనక గోడ కూలి, పెయింటరు పని చేసే ఆమె మొగుడు దాని కింద పడ్డాడు. కాలు విరిగింది. ఆ ఇల్లు ఇక ఇల్లు కాదు. ఈ సాయంత్రం ఆస్పత్రి వాళ్లు అతన్ని పంపించేస్తున్నారు. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియడం లేదు, అందరూ ప్రార్థించండి అన్నారాయన.

అందరూ కళ్లు మూసుకోబోతుంటే మేస్త్రి లేచి నిలబడ్డాడు. పక్కనే ఉన్న టైలరమ్మ అతని కోటు అంచు పట్టుకుని లాగేలోపే మాట బయటికొచ్చేసింది. "మా మేడ మీద గది ఖాళీగానే ఉంది అయ్యగారూ."

మందిరమంతా స్తోత్రం అంది. టైలరమ్మ ఒక్కతే అనలేదు.

"ఖాళీగా ఉందట!" అందిప్పుడు. "రేపు పొద్దున కుట్టు మిషన్లు దిగాల్సిన గది ఖాళీగా ఉండక, నిండా జనంతో ఉంటుందా?"

పెళ్లయినప్పటి నుంచీ ఆమె వంటింటికీ పడకగదికీ మధ్య ఉన్న నడవాలోనే కుడుతోంది. అటు వెళ్లేవాళ్లూ ఇటు వెళ్లేవాళ్లూ ఆమె మోచేతిని రాసుకుంటూ పోవాలి. ఒకసారి పెళ్లికూతురు గౌను వేసుకుని చూసుకుంటూ, "ఇదేంటండీ, ఉల్లిపాయల వాసనొస్తోంది" అంది. ఆ మాటకి టైలరమ్మ చచ్చిపోయినంత పనైంది. అప్పటినుంచీ ఆ పైగదే ఆశ. ఎన్నో చలికాలాలు పాత కోటుతోనే గడిపి, ఎన్నో సరదాలు చంపుకుని ఇద్దరూ కట్టుకున్న గది. పెద్ద బడి వాళ్లు పిల్లల యూనిఫారాలన్నీ ఆమెకే ఇస్తామన్నారు. పనికి ఇద్దరు అమ్మాయిల్ని మాట్లాడుకుంది. ఇక మిషన్లు రావడమే తరువాయి.

"నన్నొక్కమాట అడగాల్సింది" అంది గొంతు తగ్గించి. "మాట కూడా అక్కర్లేదు. ఒక్క చూపు చూస్తే చాలు. మీ మోచెయ్యికి ఆనుకునే కదా కూర్చున్నాను."

"అడిగితే వద్దంటావని భయమేసింది."

"అంటే, వద్దంటానని తెలిసే ఇచ్చేశారన్నమాట."

మేస్త్రి కంచం పక్కకి జరిపాడు. అప్పుడు తలెత్తి, మెల్లగానే అడిగాడు.

"నీకు దేవుడికంటే ఆ గది ఎక్కువా?"

అత్తగారు ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపేసింది.

"ఆ మాట మీరడక్కండి" అంది టైలరమ్మ. "అడిగేదేదో ఆయన్నే అడగనివ్వండి."

మేస్త్రి చెయ్యి కడుక్కుని వీధి వైపు ఉన్న తన గదిలోకి వెళ్లిపోయాడు. మోటార్లకు తీగ చుట్టే గది అది. ఊళ్లో ఏ మోటారు కాలిపోయినా అక్కడికే వస్తుంది. రాగి తీగ ముక్క ఒకటి అటూ ఇటూ అయినా ఇల్లు పీకి పందిరేసే మనిషి. ఊడవడానికి కూడా ఎవర్నీ గుమ్మం దాటనివ్వడు. రెండు రెక్కల తలుపూ దగ్గరికి వేసుకున్న చప్పుడైంది.

"నేనెవరి పక్షమూ కాదు" అంది అత్తగారు, ఆ ముద్ద ఇప్పుడు తిని.

"నేనడిగానా అత్తయ్యా?"

"అడక్కపోయినా చెప్తున్నాను. వాడు చేసింది తప్పే. పెళ్లాం చెమటని తన పేరున కానుకలో వేసి వచ్చాడు. నేనే వాడికి నాలుగు తగిలిద్దును, మోకాళ్లు సహకరించక ఊరుకున్నాను."

టైలరమ్మకి నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు కోపమూ వచ్చింది.

"కానీ ఒక సంగతి" అంది అత్తగారు. "అందరం ఒకే గదిలో పడుకుంటాం కదా. ఏడాదిగా నీ ప్రార్థన వింటున్నాను. గది గోడలు, గది కిటికీలు, గదికి రంగు, గదికి మిషన్లు. నా మోకాళ్ల పేరు అందులో ఒక్కసారీ రాలేదు."

"అదేంటత్తయ్యా! నేను..."

"నాకేం బాధ లేదులే. మోకాళ్లు ఎలాగూ తగ్గవు. దేవుడి పేరు కూడా పిలవడం వరకే వచ్చేది, ఆ తర్వాత అంతా గదే. అది చెప్తున్నాను."

టైలరమ్మ కంచాలు తీసి కడిగింది. కడిగినవే మళ్లీ కడుగుతున్నానని గ్రహించి, చెయ్యి తుడుచుకుని మేడెక్కింది.

*

ఇంటి పక్కనుంచి ఇనుప మెట్లు. సగం దూరం వెళ్లాక మలుపు తిరిగితే గది.

తలుపు తీయగానే కొత్త రంగు వాసన. మూడు కిటికీల్లోంచి మబ్బు పట్టిన వెలుగు నేల మీద పరుచుకుని ఉంది. ఎక్కడ గుడ్డ పరిచినా నీడ పడదు. గోడలకి మోకాలి ఎత్తులో వరసగా ప్లగ్గులు. ఒక్కో మిషనుకి ఒక్కోటి చొప్పున మేస్త్రే బిగించాడు. బిగించేటప్పుడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ఎక్కడికొస్తుందో చూసి, తీగ కాలికి తగలకుండా గుర్తు పెట్టుకున్నాడు. ఆ మనిషేనా పొద్దున లేచి నిలబడింది?

గది పూర్తయిన రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన ఆమెన్ అన్నాక, ఎవరూ అడక్కుండానే టైలరమ్మ కూడా గొంతెత్తి అంది. "ప్రభువా, ఇది నా గది కాదు. నీ గదే."

ఆ రోజు ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చింది! ఎందుకు రాదు? దేవుడికి సామాన్లుండవు. ఆయన పొయ్యి వెలిగించడు, గోడలకి మేకులు కొట్టడు. వచ్చి ఉంటానని ఏ ఆదివారమూ కబురు పంపడు. అలాంటి యజమానికి ఇల్లివ్వడానికి ఎవరికి మాత్రం అభ్యంతరం?

మోకరించింది. కళ్లు మూసుకుంది. కళ్ల ముందు నీలం రంగు యూనిఫారం గుడ్డ తానులు తానులుగా కనిపించింది. తెరిచి మళ్లీ మూసుకుంది. ఈసారి కత్తిరింపు బల్ల. తనలో ఆయనకి చోటే లేదా, అన్నీ బట్టలేనా అని మొదటిసారి భయమేసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

టైలరమ్మ గబుక్కున లేచింది. గుమ్మంలో ఇస్త్రీ ఆవిడ. చంకలో ఒక బట్టల మూట, కుడి చేతిలో తువ్వాలు చుట్టిన బరువైన ఇస్త్రీపెట్టె. గోడ కింద నుంచి తవ్వి తీసుకున్నట్టుంది, తువ్వాలంతా మట్టి.

ఆ ఇద్దరికీ ఎప్పట్నుంచో మాటల్లేవు. ఒకప్పుడు ఈవిడ కుట్టినవన్నీ ఆవిడే ఇస్త్రీ చేసేది. ఒక పెళ్లి గౌను వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిపోయింది. పెట్టె వేడెక్కువైందని ఈవిడ అంది. పట్టు అని చెప్పి కరిగిపోయే గుడ్డ ఇచ్చావని ఆవిడ అంది. అప్పటినుంచీ ఒకే మందిరంలో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. చెరో చివర కూర్చుని ఒకే పాట పాడతారు.

"మీరు పైనున్నారని కింద మీ అత్తగారు చెప్పారు" అంది ఇస్త్రీ ఆవిడ. లోపలికి అడుగు పెట్టలేదు. "ఒక మాట అడిగి వెళ్దామని వచ్చాను టైలరమ్మగారూ."

"అడుగు."

"గది మేస్త్రిగారు ఇచ్చారు. అందరూ స్తోత్రం అన్నారు. మీరనలేదు."

"అంత మందిలో నా నోరే చూస్తున్నావా?"

"మీ నోరే చూశాను. పొద్దున లేస్తే నేను చూడాల్సింది మీ మొహం. మేస్త్రిగారి మొహం కాదు." బరువుకి ఆమె భుజం ఒక పక్కకి ఒరిగింది. "మీరు రమ్మంటే వస్తాం. లేదంటే లేదు. నాకే ఇష్టం లేదని అయ్యగారికి చెప్తాను. మీ పేరు ఎత్తను."

టైలరమ్మకి కిటికీ అద్దంలో తన బెదురు కళ్లే కనిపించాయి. ఎంత సులువు! ఏమీ అనక్కర్లేదు. కిటికీ వైపు తిరిగి ఊరికే నిలబడితే చాలు. ఈ మనిషి మెట్లు దిగి వెళ్లిపోతుంది. మేస్త్రి ఇచ్చినట్టూ ఉంటుంది, గది మిగిలినట్టూ ఉంటుంది. ఎవరికీ తెలియదు.

"రాకపోతే ఎక్కడికెళ్తారు?"

"మందిరం వెనక వరండా ఉంది."

"అక్కడ జల్లు కొడుతుంది."

"కొడుతుంది."

"ఎన్నాళ్లుండాల్సి వస్తుంది?"

"తెలీదు. డాక్టర్లు సరిగ్గా చెప్పరు. చెప్పినా నాకర్థం కాదు. తొందరగా వెళ్లిపోతామని మీకు అబద్ధం చెప్పలేను."

కొంచెం అబద్ధమాడినా బాగుండేదనిపించింది టైలరమ్మకి. కొంచెం ఏడ్చినా, బతిమాలినా బాగుండేది. బతిమాలే వాళ్లకి ఇవ్వడం తేలిక. ఈవిడ ఆ గౌను రోజు ఎలా నిలబడిందో ఇవాళా అలాగే నిలబడి ఉంది. ఆ గౌను మాట గొంతు దాకా వచ్చింది.

"ఇప్పుడా సంగతి ఎత్తారంటే దిగి వెళ్లిపోతాను" అంది ఇస్త్రీ ఆవిడ.

"నేనేమీ అనలేదే!"

"అనబోయారు."

కిటికీ అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. మొదట ఒకటీ అరా. తర్వాత గబగబా.

"ముందు ఆ పెట్టె కింద పెట్టు. చెయ్యి పడిపోతుంది" అంది టైలరమ్మ.

"అది జవాబు కాదు."

టైలరమ్మ ఒకసారి గది నలుమూలలా చూసుకుంది. ఇక చూడకూడదనుకుని ఆవిడ మొహం వైపు తిరిగింది.

"రమ్మంటున్నాను. మనసారా కాదు. మనసు ఇంకా రాలేదు, వస్తుందో రాదో కూడా నాకు తెలీదు. నోటితోనే అంటున్నాను. చాలా?"

ఇస్త్రీ ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"నేను మాత్రం మనసు ఉప్పొంగి వచ్చానా? చాల్లెండి" అని గుమ్మం దాటి, కొత్త నేల గీసుకుపోకుండా తువ్వాలు మడిచి వేసి, దాని మీద పెట్టె పెట్టింది.

*

టైలరమ్మ కిందికి వచ్చి ఫోను చేసింది.

"రేపు మిషన్లు పంపకండి" అంది దుకాణం ఆయనతో.

"ఎల్లుండి పంపనా?"

"ఎల్లుండి కూడా వద్దు. నేను చెప్పేదాకా వద్దు."

"అలాగైతే వేరేవాళ్లు అడుగుతున్నారమ్మా. వాళ్లకిచ్చేస్తే మళ్లీ ఎప్పుడొస్తాయో నేను మాటివ్వలేను."

"ఇచ్చెయ్యండి."

బడి వాళ్లకి కూడా చెప్పాలి. చెప్తే వాళ్లు ఆగరు. ఆ ఇద్దరమ్మాయిలకీ చెప్పాలి. ఒకమ్మాయి ఉన్న పని మానేసి వస్తానంది కూడా. ఆ పిల్ల మొహం గుర్తొచ్చి ఫోను పక్కన పెట్టేసింది. దేవుడికిచ్చేస్తే మనసు దూదిపింజలా తేలిపోతుందని ఎన్నిసార్లు విన్నది! తనకి మాత్రం ఇంకా బరువెక్కింది. తప్పు చేశానేమో. ఇంత బరువుగా ఉందంటే అది ఆయన అడిగింది కాదేమో, మొగుడి గొప్ప కోసం చేసిందేమో.

"చెప్పేశావా?" అత్తగారు నడవాలో గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పేశాను."

"ఎలా ఉంది?"

"భయంగా ఉందత్తయ్యా."

"ఊఁ" అంది అత్తగారు. పాత మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుని, కోడలి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.

వీధిలో వ్యాను ఆగింది.

టైలరమ్మ గొడుగు తీసుకుని బయటికి వెళ్లేసరికి పాస్టరుగారూ డ్రైవరూ వెనక తలుపు తెరిచారు. లోపల స్ట్రెచరు మీద పెయింటరు. నడుం దగ్గర్నుంచి రెండు మడమల దాకా తెల్లటి సిమెంటు కట్టు. మధ్యలో కాళ్లు విడదీసి కర్ర కూడా పెట్టి కట్టేశారు.

"ఒక కాలే కదా అన్నారు అయ్యగారూ?" అంది టైలరమ్మ.

"నేనూ అలాగే విన్నానమ్మా. తుంటి కూడా విరిగిందట. కూర్చోపెట్టకూడదన్నారు."

"క్షమించాలమ్మా" అన్నాడు పెయింటరు పడుకునే. "ఇన్నాళ్లూ గోడలకి నేను పూత వేశాను. వీళ్లు నన్నే గోడను చేసి పెట్టారు." నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకున్నాడు.

ఇస్త్రీ ఆవిడ మేడ మీద నుంచి పరుగున దిగింది. మేస్త్రి తన గదిలోంచి వచ్చాడు. పాస్టరుగారూ మేస్త్రీ ముందు, డ్రైవరు వెనక పట్టుకుని ఇనుప మెట్లెక్కారు. మలుపు దాకా బాగానే వెళ్లారు. అక్కడ స్ట్రెచరు తిరగలేదు. పక్కకి వంచి చూశారు. పెయింటరు గొంతులోంచి మనిషి గొంతులా లేని అరుపొకటి వచ్చింది.

"దించండి! దించండి!" అని ఇస్త్రీ ఆవిడ కేక పెట్టింది.

దించారు. వీధి గుమ్మం ముందు, చూరు కింద, స్ట్రెచరును ఒక బల్ల చెక్క మీద ఆనించారు. పెయింటరు మొహం సిమెంటు కట్టు కంటే తెల్లగా ఉంది. వాన చూరు లోపలికి కూడా కొడుతోంది. టైలరమ్మ గొడుగు అతని మొహం మీద పట్టింది.

"స్ట్రెచరు ఇంట్లోకి దూరుతుందేమో చూద్దాం" అన్నారు పాస్టరుగారు.

పట్టదు. నడవాలో పాత మిషను దాటి మనిషి ఒక్కడే ఒరిగి వెళ్లాలి. ఆ సంగతి టైలరమ్మకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వీధి నుంచి మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లగల తలుపు ఆ ఇంట్లో ఒక్కటే. పెద్ద పెద్ద మోటార్లు దూరే రెండు రెక్కల తలుపు.

అందరూ అటే చూశారు.

మేస్త్రి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వెళ్లి నిలబడ్డాడో ఎవరూ గమనించలేదు.

"మేస్త్రిగారూ..." అన్నారు పాస్టరుగారు.

"లోపల ఊరివాళ్ల మోటార్లున్నాయి అయ్యగారూ. చుట్టడం సగంలో ఉంది. ఒక్క చుట్టు తప్పితే మొదటికొస్తుంది. బల్ల నేలకి బిగించేశాను. అది కదిలేది కాదు." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నా పనంతా దాంట్లోనే ఉంది. ఇల్లు గడిచేదే దాని మీద."

"అవును" అన్నారు పాస్టరుగారు. ఆ అవునులో ఒప్పుకోలూ లేదు, ఎత్తిపొడుపూ లేదు.

టైలరమ్మ నాలుక చివరికి ఒక మాట వచ్చి నిలబడింది. మధ్యాహ్నం తను తిన్న దెబ్బకి సరిపోయే మాట. అందరి ముందూ అంటే ఎంత బాగుంటుంది! మొగుడి మొహంలోకి చూసింది. ఆ కళ్లు తనకి తెలుసు. ఇందాక పైన కిటికీ అద్దంలో కనిపించిన తన కళ్లూ ఇలాగే ఉన్నాయి. ఆ మాట మింగేసింది. మింగడం గౌను మాట మింగినంత కష్టం కాలేదు, అదొకటి ఆశ్చర్యం.

"జారుతోంది! పట్టుకోండి!" డ్రైవరు అరిచాడు. తడిసిన బల్ల చెక్క మీద స్ట్రెచరు ఒక మూల కిందికి వాలింది.

టైలరమ్మ గొడుగు వదిలేసి ఆ మూల రెండు చేతులతో పట్టుకుంది. ఎదురు మూల ఇస్త్రీ ఆవిడ. వాన మొహం మీద పడుతుంటే ఇద్దరూ ఒకేసారి పైకి ఎత్తారు. మణికట్లు లాగేశాయి.

మేస్త్రి ఒక్క అడుగు ముందుకొచ్చాడు. పెళ్లాం చెవిలో చెప్పినట్టు, మెల్లగా అన్నాడు.

"ఇదిగో, నువ్వొకసారి లోపలికి రా. నీతో మాట్లాడాలి."

"రాలేనండీ" అంది టైలరమ్మ రొప్పుతూ. "నా చేతులు ఖాళీ లేవు. మాట్లాడేదేదో ఇక్కడే మాట్లాడండి."

మేస్త్రి ఆమె చేతుల వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడి ఉన్నాడు.